కల్వర్టు మీద పెరుగన్నం

నా గొంతు చిన్నది. బాన్సువాడ కోర్టులో బెంచి క్లర్కు కూడా "కొంచెం గట్టిగా, మేడమ్" అంటుంటాడు. వాదనలో బలముంటే గొంతుతో పనేమిటని నా నమ్మకం. నా కక్షిదారులకు మాత్రం ఆ నమ్మకం లేదు. దానికి తోడు ఆ ఆదివారం వాళ్లంతా టీవీలో ఒక లాయరు సినిమా చూశారు.

మర్నాడు పొద్దున్నే పోచన్న నా ఆఫీసులో ఉన్నాడు. ఎర్రకుంట ఊరి తరఫున కేసు వేసిన రైతుల్లో ఆయనే పెద్ద. చేతిలో ఉన్న ప్లాస్టిక్ సంచిని జాగ్రత్తగా నా బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే ఊక బూడిద.

"ఏంది తాతా ఇది?"

"నిన్న సిన్మా జూసినవా వనితా? అండ్ల వకీలు జడ్జి ముంగట్నే పిడికెడు బూడిద తీసి కంపెనీ వకీలు కోటు మీద కొట్టిండు. కొట్టి ఒక్క కేక ఏసిండు. ఫ్యాక్టరీ గేటు ఆడికాడికే బందయింది. నువ్వు గూడ కొట్టు. సంచి నేను పట్టుకొని నిలవడ్త."

"గట్ల కొడితే నన్ను జైల్లేస్తరు తాతా."

"సిన్మాల ఎయ్యలే గదా?"

సినిమాలో ఎందుకు వేయలేదో చట్టప్రకారం వివరించబోయాను. పోచన్న సగం విని లేచాడు. "నువ్వు మంచిదానివే బిడ్డా. చదువు గూడ ఉన్నది. గని కేక లేదు. గీ ఎల్లుండి కోర్టు సారొచ్చినంక గూడ పని గాకపోతే నిజామాబాద్ వకీలును పెట్టుకుంటం. నువ్వేం ఫికర్ జేయకు" అని ఓదార్చి వెళ్లిపోయాడు. నా కేసు పోతుందని నన్నే ఓదారిస్తే ఒళ్లు మండదా మరి. సంచి మాత్రం వదిలివెళ్లాడు.

ఎర్రకుంట బీర్కూర్ దారిలో ఉంటుంది. ఊరి పక్కన పాత రైస్ మిల్లు ఒకటి ఉండేది. రెండేళ్ల కింద హైదరాబాద్ కంపెనీ ఒకటి దాన్ని కొని, వడ్లు నానబెట్టి ఉడకబెట్టే పెద్ద ప్లాంటు కట్టింది. బాయిలర్‌లో ఊక మండిస్తారు. పొగగొట్టానికి బూడిద పట్టే యంత్రం పెట్టాలి, పెట్టలేదు. ఆ బూడిదంతా ఊరి మీద పడుతోంది. బట్టలు ఇళ్లలోనే ఆరేసుకుంటున్నారు. కాలువ కింద సాగు చేసుకునే వెంకటరత్నమ్మగారు వడియాలు పెట్టడమే మానేశారు. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించే సంగతి వేరే ఉంది. ఈ ఊళ్లో వాకిట్లో కూర్చుని అన్నం తినడం పోయింది. ఎంత ఎండాకాలమైనా తలుపులు మూసుకుని లోపల ఉడికిపోతూ తింటారు. మా అమ్మ ఈ పొలాల్లో నాట్లు వేసేది. ఈ వాకిళ్లలో ఎందరి కంచాల్లోంచో నేను ముద్దలు తిన్నాను.

కంపెనీ ఇప్పుడు రెండో బాయిలర్ పెడతానంటోంది. దాన్ని ఆపమని కోర్టుకెళ్లాం. అసలు బూడిదే పడటం లేదని, పడినా అది ఊళ్లోవాళ్ల పొయ్యిల బూడిదేనని కంపెనీ జవాబు. ఊరికి వెళ్లి కళ్లారా చూసి రిపోర్టు ఇమ్మని జడ్జిగారు ఒక సీనియర్ లాయరును కమిషనర్‌గా వేశారు. ఆయన బూడిద చూశానంటే మాకు ఉత్తర్వు వస్తుంది. చూడలేదంటే రెండో బాయిలర్ లేస్తుంది, నా కక్షిదారులు నిజామాబాద్ బస్సెక్కుతారు.

అందుకే ముందురోజు ఊరికెళ్లి ఒక్కొక్క గడపకూ చెప్పాను. ఏదీ ముట్టుకోవద్దు, ఊరు ఎట్లున్నదో అట్లనే ఉంచాలి, కమిషనర్ సారు కళ్లకు బూడిద కనిపించాలి. అందరూ బుద్ధిగా తలలూపారు.

బుధవారం పొద్దున నేను ఊళ్లో అడుగుపెట్టి నిలువునా నీరైపోయాను.

ఎర్రకుంట అద్దంలా మెరిసిపోతోంది. ప్రతి వాకిలీ ఊడ్చి, సానుపు చల్లి, ఒకరిని మించి ఒకరు ముగ్గులు వేశారు. అరుగులు కడిగారు. గోడల మీద నీళ్లు కొట్టారు. చెట్ల ఆకులు కూడా తుడిచారేమోనని అనుమానం వచ్చింది. పోచన్న ఉతికిన ధోవతి కట్టుకుని పెళ్లివారి కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు.

నేను పోయి పోచన్న చెల్లెలు గంగమణి ముందు నిలబడ్డాను. ఆ వీధికి ఆమె మాటే శాసనం.

"అవ్వా, నేనేం చెప్పిన?"

"నువ్వు చెప్తివి బిడ్డా, మేం ఇంటిమి. గని కోర్టు సారు మొట్టమొదటిసారి మనూరికొస్తుండాయె. ఇల్లూ వాకిలీ గంత గలీజుగ పెట్టుకొని మొఖం ఎట్ల జూపెట్టాలె? సిగ్గు గాదా?"

ఆర్నెల్ల నా కష్టం బూడిదలో పోసిన పన్నీరే అనుకున్నాను. వీళ్లు ఆ బూడిద కూడా మిగల్చలేదు.

కమిషనర్ భీంరావుగారు బస్సు దిగి వచ్చారు. మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ మనిషి. నిక్కచ్చితనానికి పేరు పడ్డవారు. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో టిఫిన్ క్యారియర్. కేసులో ఉన్నవాళ్ల చేతి మంచినీళ్లు కూడా తాగరు. మిల్లు మేనేజరు రాజాబాబు అప్పటికే నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆ రోజు బాయిలర్ ఆపించాడు. పొగగొట్టం మీద కాకి వాలి ఉంది.

"చూశారాండీ, ఎంత శుభ్రంగా ఉందో ఊరు! వీళ్లు ఊరికే గొడవ పెట్టుకున్నారండీ మా మీద."

భీంరావుగారు వీధి వీధీ తిరిగారు. అరుగుల మీద వేలుతో రాసి చూశారు. వేలికి ఏమీ అంటలేదు. చూసిందల్లా రాసుకున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఊడ్చిన బూడిదను ఊరి బయట కుప్ప పోశారని చెప్పి అక్కడికి తీసుకెళ్లాను. కుప్ప నా నడుమెత్తు ఉంది. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు.

"కుప్ప ఉన్నదని రాస్తానమ్మా. ఎక్కడిది, ఎప్పటిది అంటే నేనెట్లా చెప్పగలను? నేను చూసినంత సేపూ ఒక్క రవ్వ పడలేదు."

అది న్యాయమే. న్యాయం అవతలివాళ్ల వైపు నిలబడితే ఎంత మంటగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఒంటిగంట అయింది. ఆయనకు షుగరు, వేళకు తినాలి. మిల్లులో ఏసీ గది ఉంది, రమ్మన్నాడు రాజాబాబు. గంగమణి వాకిట్లో నులకమంచం వాల్చి, మీద దుప్పటి పరిచింది. ఆయన రెండూ కాదన్నారు. మిల్లు గదిలో తింటే ఊరు అనుమానిస్తుంది, మంచం మీద తింటే మిల్లు అనుమానిస్తుంది. చుట్టూ చూసి, ఊరికీ మిల్లుకూ మధ్య రోడ్డు మీదున్న కల్వర్టు గోడ తుడుచుకుని కూర్చున్నారు.

"ఇది సర్కారుది. ఎవరికీ అభ్యంతరం ఉండదు" అని క్యారియర్ విప్పారు.

ఇంటికొచ్చిన మనిషి కల్వర్టు మీద కూర్చుని తింటుంటే ఎర్రకుంట తట్టుకోలేకపోయింది. పొయ్యి మీదవి దించి, గ్యాసు ఆపి, ఆడా మగా వచ్చి చుట్టూ నిలబడ్డారు. గంగమణి మామిడికాయ తొక్కు తెచ్చింది.

"జర్ర నంజుకో సారూ. గిది లంచం గాదు, తొక్కు."

"నకో, నకో" అన్నారాయన. వద్దనాల్సి వస్తే మరాఠీలోకి దిగుతారు.

ఆయన తిండి చూస్తే ఓర్పు అంటే ఏమిటో తెలుస్తుంది. మొదటి గిన్నెలో పప్పన్నం. ప్రతి ముద్దా నమిలి నమిలి మింగుతారు. ముద్దకూ ముద్దకూ మధ్య కాలువ వైపు చూస్తారు. రాజాబాబు నవ్వు కొంచెం కొంచెం సడలడం, గడియారం చూసుకోవడం నేను గమనించాను. ఎందుకో నాకు అర్థమైంది. ట్యాంకుల్లో రాత్రి నానబెట్టిన వడ్లున్నాయి. వాటిని వేళకు ఉడకబెట్టకపోతే పులిసి కంపు కొడతాయి. ఈ పక్క మిల్లుల మధ్య పెరిగిన ఎవరికైనా ఆ సంగతి తెలుసు. మధ్యాహ్నానికి కమిషనర్ వెళ్లిపోతారని లెక్కేసి, ఒంటిగంట దాటగానే బాయిలర్ ముట్టించమని రాజాబాబు పొద్దుననే చెప్పి ఉంటాడు. భోజనం ఇంతసేపు పడుతుందని లెక్కలో వేసుకోలేదు. దేవుడా, ఈ పెద్దమనిషి ఇంకాస్త నమిలేట్టు చూడమని మొక్కుకున్నాను.

భీంరావుగారు రెండో గిన్నె మూత తీశారు. తెల్లటి పెరుగన్నం.

పొగగొట్టం మీది కాకి ఎగిరిపోయింది.

రాజాబాబు పక్కకు జరిగి ఫోను చేశాడు. మళ్లీ చేశాడు. బాయిలర్ మోతలో ఫోను ఎవరికి వినిపిస్తుంది? గొట్టంలోంచి ముందు తెల్లగా, తర్వాత నల్లగా పొగ లేచింది. గాలి ఊరి వైపే ఉంది. పోచన్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

భీంరావుగారు ముద్ద కలపబోయి ఆగారు. గిన్నెను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు. అన్నంలో సన్నటి నల్లటి చుక్కలు.

"ఆవాలండీ" అన్నాడు రాజాబాబు నీరసంగా.

"మా ఇంటామె పెరుగన్నానికి పోపు పెట్టదు" అన్నారాయన.

ఇంకో నాలుగు చుక్కలు ఆయన చూస్తుండగానే వాలాయి. గిన్నెకు ఫోటో తీశారు. చెయ్యి కడుక్కుని, మిగతా అన్నం మూత పెట్టి, మళ్లీ ఊళ్లోకి నడిచారు. నేను వెనకాలే పరుగెత్తాను. ఆ దృశ్యం నేను జన్మలో మరిచిపోను. పొద్దున కడిగిన అరుగుల మీద, తెల్లటి ముగ్గుల మీద, పరిచిన దుప్పటి మీద, ఎక్కడ చూసినా నల్లని రవ్వలు. ఊరు మురికిగా ఉండి ఉంటే ఏది పాతదో ఏది కొత్తదో దేవుడికి కూడా తెలిసేది కాదు. గంగమణి చీపురు ఆ తేడా తేల్చిపెట్టింది.

రాజాబాబు ఆఖరి ప్రయత్నం చేశాడు. "ఇవి పొయ్యిల బూడిదేనండీ. వంటల వేళ కదా."

భీంరావుగారు ఆగి వెనక్కి తిరిగారు. ఊరు ఊరంతా ఆయన వెంటే ఉంది.

"ఎవరి పొయ్యి? వీళ్లంతా ఇంతసేపు నేను తింటుంటే చూస్తూ నిలబడ్డారు కదయ్యా."

నవ్వాపుకోలేక వెంకటరత్నమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకైతే ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. మర్యాద కాదని ఊరుకున్నాను.

రిపోర్టు కోర్టులో చదివే రోజున పోచన్న నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. "కమిషనర్ తెచ్చుకున్న పెరుగన్నం తన కళ్లెదుటే తినడానికి పనికిరాకుండా పోయినది" అన్న వాక్యం దగ్గర జడ్జిగారు తల వంచుకుని కాగితాలు సర్దుకున్నారు. నేను నా చిన్న గొంతుతో నాలుగు ముక్కలు చెప్పాను. బెంచి క్లర్కు ఆ రోజు గట్టిగా అనమనలేదు. హాలు అంత నిశ్శబ్దంగా ఉంది. బూడిద పట్టే యంత్రం పెట్టేదాకా బాయిలర్ ముట్టించకూడదని, రెండో బాయిలర్ ఊసు అసలే ఎత్తకూడదని ఉత్తర్వు వచ్చింది.

బయటికి వచ్చాక పోచన్న మొహం వేలాడేశాడు.

"గంతేనా? ఇగ అయిపోయిందా?"

"గెలిచినం తాతా!"

"గెలిస్తిమి గని, ఒక్క కేక లేదు, ఒక్క దెబ్బ లేదు. గిది సిన్మా తీస్తే ఎవ్వడన్న జూస్తడా?" అని, కాసేపటికి తనే నవ్వాడు. "పోనీ తియ్. నువ్వు కొట్టాల్సిన బూడిద కంపెనోడే తీసి నెత్తిన పోసుకున్నడు."

నిజామాబాద్ వకీలు మాట మళ్లీ ఎత్తలేదు.

మిల్లు ఎన్నాళ్లని మూసుకుంటారు? వానలు పడేలోపే కంపెనీ యంత్రం పెట్టించింది. నమ్మకం కలిగాక గంగమణి భోజనానికి కబురు పంపింది. నేను వెళ్లేసరికి బాయిలర్ నడుస్తోంది, పొగ తెల్లగా పోతోంది. వెంకటరత్నమ్మగారి డాబా మీద వడియాలు ఎండుతున్నాయి. గంగమణి వాకిట్లోనే పీటలు వేసింది. వీధి పొడుగునా గడపల ముందు కంచాలు. పిల్లలు ఒకరి కంచంలోంచి ఒకరు లాక్కుంటున్నారు. నాకు ఒక్కసారిగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తొక్కు కారమని సాకు చెప్పాను.

చివర్లో పెరుగన్నం కలుపుకుని కంచం వంక చూస్తూ కూర్చున్నాను. తెల్లగా ఉంది. తెల్లగానే ఉంది. గంగమణి పెరుగు ముంత లోపల పెట్టడానికి వెళ్లింది.

పక్క పీట మీద పోచన్న వేళ్లు నాకుతూ అన్నాడు. "గిప్పుడన్న ఒక్క కేక ఎయ్యి బిడ్డా. నా మనసుల అట్లనే ఉండిపోయింది."

పెద్దాయన అంతలా అడిగితే కాదనలేకపోయాను. ఊపిరి గట్టిగా పీల్చుకుని నా బతుకులో ఎన్నడూ అరవనంతగా అరిచాను.

"అవ్వా! ఇంకింత పెరుగు!"

వీధి చివరిదాకా తలలన్నీ మా వైపు తిరిగాయి.