కిక్కిస ముడి

జార్జిరాజు జూబిలీ జరిగిన ఏడు, భాద్రపద మాసం. బంగారురాజు ఒళ్ళు హూనమైపోయింది. కాదు మరీ? ఆ వయసులో పడవకి గెడ వేసుకుంటూ రోజూ కొల్లేటిని సగం చుట్టి రావడమంటే మాటలా!

దగ్గరదారి లేక కాదు. వాళ్ళ లంక నుంచి ఏలూరు బస్సు ఆగే రేవుకి కిక్కిస గడ్డిపొదల మధ్యగా నీటిబాట ఉంది. చుట్ట ఆరేలోగా రేవులో ఉండొచ్చు. కానీ నామాలకోళ్ళు ఆ కిక్కిసలోనే నీటిమీద తేలే గూళ్ళు కట్టి గుడ్లు పెడతాయి. పడవ పోతే అల తగిలి గూడు ఒరిగిపోతుంది. అందుకని గుడ్లకాలంలో బాట మొదట్లో లంకపెద్ద ఇటు కిక్కిసా అటు కిక్కిసా వంచి ముడేస్తాడు. పిల్లలు ఈదేదాకా ఆ ముడి విప్పకూడదు. విప్పితే వేసిన చెయ్యే విప్పాలి. ఈ ఏడు వేసింది బంగారురాజు. అందుకే అందరి తిట్లూ ఆయనకే.

ఇంట్లోనూ అంతే. "ఏవండీ, చుట్టూ తిరిగి మెత్తబడ్డ జెల్లచేపలు ఏలూరులో ఎవరు కొంటారండీ? ఆ కోళ్ళేమన్నా మనకి వియ్యాలవారా, అంత మర్యాద!" అంది భార్య నూకరత్నం.

"గుడ్లు పిల్లలయ్యే వేళైందే. ఈ నాలుగు రోజులూ ఓర్చుకో," అన్నాడు. ఆ మాట ఆవిడకంటే తన నడుముకే చెప్పుకున్నాడు పాపం.

మర్నాడు పొద్దున్న కొడుకుతో బాట మొదటికి వచ్చేసరికి ముడి లేదు. ఎవరో కత్తితో కోసేశారు. లోపల గూళ్ళు బోర్లాపడి ఉన్నాయి. కాకులు గుడ్లు పొడుచుకు తింటున్నాయి. తల్లికోళ్ళు దూరంగా ఒకటే అరుపు. బంగారురాజు పడవలో కూలబడ్డాడు. కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది.

"ఎవడ్రా ఈ పని చేసింది?"

కొడుకు చిన్నరాజు తలెత్తలేదు. "నేనేనండి నాన్నా. నిన్న మీరు నడుం పట్టుకుని మూలుగుతుంటే చూడలేకపోయాను. మనదొక్క పడవ పోతే ఏమవుద్దిలే అనుకున్నా. తెగిన ముడి చూసి సాయంత్రం అందరూ ఇటే తోలేశారంటండి."

తనమీద ప్రేమతోనే కదా వెధవ కత్తి పట్టాడు! గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

కాసేపటికి బంగారురాజు లేచి, ఇటు కిక్కిసా అటు కిక్కిసా దగ్గరకు లాగాడు.

"ఇంకెవరికోసమండీ ముడి? గుడ్లన్నీ పోయాయి కదా!"

"మళ్ళీ పెడతాయిరా. పుల్లా పుల్లా ఏరుకుని మళ్ళీ కట్టుకుంటాయి. మళ్ళీ మొదటినుంచీ పొదుగుతాయి. మనమూ మళ్ళీ మొదటినుంచీ చుట్టూ తిరగాలి."

చిన్నరాజు ముఖం పాలిపోయింది. తండ్రికి తప్పిద్దామనుకున్న తిరుగుడు కాస్తా రెండింతలైంది.

ముడి బిగించబోయి బంగారురాజు ఆగాడు. ఆ కొసలు కొడుకు చేతిలో పెట్టాడు.

"నువ్వెయ్యి. విప్పేదీ నువ్వే. ఇకనించి తిట్లూ నీకే."

చిన్నరాజు ముడేశాడు. కళ్ళు తుడుచుకుని గెడ అందుకుని, పడవని చుట్టుదారికి తిప్పాడు. బంగారురాజు చేపలబుట్టల పక్కన నడుం వాల్చాడు.