గంటల పక్కన చిన్న అక్షరం

ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో చిన్నదాని జడ. మోచేత్తోనే బాత్‌రూమ్ తలుపు కొట్టాను.

"వస్తున్నా, గోల చెయ్యకు" అన్నాడు మా ఆయన లోపల్నుంచి. ఫోనుతో వెళితే అరగంట. "వాడికి కాస్త ప్రశాంతత దొరికేది అక్కడే, ఊరుకోవే అమ్మాయ్" అంటారు అత్తగారు, వచ్చినప్పుడల్లా. నా ప్రశాంతత ఏ గదిలో ఉందో ఎవరూ అడగలేదు. రెండు జడలు, మూడు క్యారేజీలు, ఒక ఇస్త్రీ చొక్కా అయ్యాక నేనూ ఆఫీసుకు పరిగెత్తాలి.

సైబర్ నేరాల విభాగంలో టైపిస్టుని. ఆరు నెలలుగా నా బల్ల మీద ఒకటే ఫైలు. మా ఆయన ఆఫీసు మేనేజరమ్మ ఫొటోతో ఎవరో దొంగ ఖాతా తెరిచి, నోటితో అనలేని మాటలు రాశారు. ఆ ఖాతా వివరాలన్నీ వేరే దేశంలో, ఆ కంపెనీ సర్వర్లలో ఉన్నాయి. మనం అడగ్గానే ఇవ్వరు. కోర్టు ఉత్తర్వు కావాలి, పై శాఖ సంతకం కావాలి, వాళ్ల చట్టానికి నచ్చేట్టు రాయాలి. రెండుసార్లు తిప్పి పంపారు. మూడుసార్లూ టైపు కొట్టింది నేనే. "ఆవిడకి ప్రమోషన్ ఎలా వచ్చిందో అందరికీ తెలుసులే" అనే మా ఆయన, రోజూ భోజనాల దగ్గర మాత్రం "ఆ కేసు ఎంతవరకొచ్చింది? వాళ్లిస్తారా అసలు?" అని అడిగేవాడు. పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి నా పని గురించి అడుగుతున్నాడని మురిసిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

చివరికి జవాబు వచ్చింది. ఖాతా ఏ ఇంటర్నెట్ అడ్రసు నుంచి, ఏ తేదీన, ఎన్ని గంటలకు వాడారో తొమ్మిది వరుసలు. ఇన్‌స్పెక్టర్ మొదటి వరుస తీసుకుని, ఆ గంటకు ఆ అడ్రసు ఎవరి ఇంట్లో ఉందని ఇక్కడి ఇంటర్నెట్ కంపెనీని అడిగారు. ఒక ముసలి దర్జీ పేరు ఇచ్చారు. పిలిపిస్తే ఆయన మా ఆఫీసు బెంచీ మీద కూర్చుని, "నాకు మెసేజీ కొట్టడమే రాదు తల్లీ" అని నాతో ఏడ్చాడు.

ఆయన చేతులు చూస్తే నమ్మబుద్ధి కాలేదు. కాగితం మళ్లీ చదివాను. ప్రతి గంట పక్కనా చిన్న జెడ్ అక్షరం ఉంది. అంటే అది ప్రపంచమంతటికీ పెట్టిన ఉమ్మడి సమయం. మన గడియారానికి మార్చుకోవాలి. ఇంటర్నెట్ అడ్రసు గంటకో ఇంటికి మారుతుంది కనుక, గంట తప్పితే ఇల్లే తప్పుతుంది.

"సార్, ఈ టైము మనది కాదండీ."

"నువ్వు టైపు చెయ్యమ్మా, చాలు" అన్నారు ఇన్‌స్పెక్టర్.

ఆ మాట ఇంట్లో కూడా విన్నదే. అందుకేనేమో ఒళ్లు మండింది. తొమ్మిది వరుసలూ మన గంటల్లోకి మార్చాను. అన్నీ ఏడుంపావుకీ పావుతక్కువ ఎనిమిదికీ మధ్య పడ్డాయి, ఉదయం పూట. ఆ గంటలతో ఇంటర్నెట్ కంపెనీకి మళ్లీ ఉత్తరం కొట్టి, సంతకాల కట్టలో పెట్టాను. ఇన్‌స్పెక్టర్ చదవకుండా సంతకం పెడతారని నాకు తెలుసు.

ఈ రోజు ఇంటర్నెట్ కంపెనీ జవాబు వచ్చింది. తొమ్మిదీ ఒకే ఇల్లు. కనెక్షన్ నా పేరు మీద ఉంది. "నీ పేరనే తీసుకున్నా, చూడు ఎంత గౌరవమో" అన్నాడు మా ఆయన అప్పట్లో.

ఈ కవరు విప్పింది నేనొక్కదాన్నే. చింపితే చిరుగుతుంది. ఇల్లు నిలబడుతుంది, పిల్లలకి తండ్రి మంచివాడిగా మిగులుతాడు. బెంచీ మీద దర్జీ మాత్రం రేపూ వచ్చి కూర్చుంటాడు, మేనేజరమ్మ రేపూ తల దించుకుని నడుస్తుంది. ఇంతలో ఫోను మోగింది. మా ఆయనే. "ఏమైనా వచ్చిందా?"

"వచ్చిందండీ" అని పెట్టేశాను.

జవాబు ఫైలులో పైనే పెట్టాను. తెల్లకాగితం ఎక్కించాను. నా సంతకం కోసం నేను కొట్టిన మొదటి కాగితం అది.

"ఆ కనెక్షన్ నాది. వాడింది నేను కాదు. ఉదయం ఏడుంపావు నుంచి పావుతక్కువ ఎనిమిది దాకా మా ఇంట్లో ఫోను పట్టుకునే తీరిక ఒక్కరికే ఉంటుంది."