నిలువెత్తు గడ్డి

మా ఊళ్ళో మొదట పశువుల మేతకని నేపియర్ గడ్డి నాటింది మా ఆయన చౌడప్పే. బోరులో నీళ్ళు పడగానే అరెకరంలో వేరుశనగ మానేసి గడ్డి వేశాడు. అనంతపురం బస్సులో పోయేవాళ్ళు తలలు బయటపెట్టి చూస్తుంటే మా ఆయన మీసం దువ్వుకునేవాడు. గడ్డి మనిషి తల దాటితే గానీ కొడవలి పట్టడు.

"పచ్చగా ఉండేదాన్ని కోసేదానికి చెయ్యెట్లొస్తాదే గంగా?" అనేవాడు. కరువులో ఎండుచొప్ప కోసం ఊళ్ళు తిరిగిన మనిషిని నేనేమనగలను?

అంత మేత ఉండీ మా ఎర్రావు పాలు తగ్గాయి. పూటకు నాలుగు లీటర్లిచ్చేది రెండుకు దిగింది. పశువుల డాక్టరు చూసి రోగమేమీ లేదన్నాడు.

"ఇంత మేత ముందర ఏస్తే మూతి తిప్పుకుంటాది. శనివారం సంతకు తోలేస్తా" అన్నాడు మా ఆయన.

అది నా చేతుల్లో పుట్టిన ఆవు. అయినా ఏడుస్తూ కూర్చునే రకం కాదు నేను. ఏం కావాలో దాన్నే అడుగుదామని పలుపు విప్పి మడిలోకి వదిలాను.

నిలువెత్తు గడ్డిని తోసుకుంటూ అది నేరుగా మూలకు పోయింది. నెల కిందట మా ఊరి రామప్ప గొర్రెలు దూరి మేసిన చోటది. ఆ కోపంతో మా ఆయన రామప్పతో మాటలే మానేశాడు. ఇప్పుడక్కడ మళ్ళీ చిగురేసిన నడుమెత్తు లేతగడ్డి ఉంది. ఆవు అందులో పెట్టిన తల మళ్ళీ ఎత్తలేదు.

నాకు ఆశ్చర్యమేసింది. లేతది ఒక పోచ, ముదురుది ఒక పోచ తుంచి నోట్లో వేసుకున్నాను. ఎవరైనా చూసుంటే గంగక్కకు మతి పోయిందనేవాళ్ళే. లేతది తియ్యగా నలిగింది. ముదురుది ఎంత నమిలినా చీపురుపుల్లే. పైన పటారం, లోన లొటారం. పేడ కెలికి చూస్తే అందులోనూ అరగని పీచే.

ఆయనకు చెప్పకుండా నాలుగు రోజులు ఆ మూలగడ్డే కోసి వేశాను. రోజూ పాలు రెండేసి సార్లు కొలిచేదాన్ని.

శనివారం పొద్దున పలుపు పట్టుకుని వచ్చిన ఆయన ముందు పాలక్యాను పెట్టాను. మూడున్నర లీటర్లు.

"నీళ్ళు కలిపినావా?" అన్నాడు.

ముదురు గడ్డికర్ర ఒకటి విరిచి చేతికిచ్చాను. "నమిలి చూడప్పా."

నమిలి, ఉమ్మేశాడు. "ఇదేందే, కట్టె మాదిరి ఉండాది."

"ఆరు నెల్లుగా నువ్వు దానికి పెడతాండేది అదే."

ఆయన పలుపు పక్కన పడేసి ఆవు మూతి నిమిరాడు. నాకు జాలేసింది. సంతకని పిలిపించిన టెంపోను వెనక్కి పంపి, కొడవలి పట్టుకుని మడిలోకి దిగాడు. ప్రతి సాలు దగ్గరా కాసేపు ఆగుతూ, సోమవారానికి గడ్డంతా నేలకు దించాడు. రోడ్డు పక్క సాలు ఒక్కటి మాత్రం వదిలేశాడు.

"అదెందుకు?" అన్నాను.

"బస్సులో పోయేటోళ్ళు చూడల్ల కదా" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఆ సాలు జోలికి నేనూ పోలేదు.