అన్నయ్య కెమెరా

ఒకే నక్షత్రాన్ని ఒకేసారి ఎక్స్-కిరణాల్లోనూ, కంటికి ఆనని అతినీలలోహిత కాంతిలోనూ, మామూలు వెలుగులోనూ చూడగల ఉపగ్రహం అది. ప్రణాళిక బాధ్యత చెల్లెలిది. అందులోని అతినీలలోహిత కెమెరా అన్నయ్యది. ఒకే సంస్థ, ఒకే మేడ. పై అంతస్తులో ఆమె, కింద ఆయన. ఆ కెమెరాతోనే ఆయన జుట్టు నెరిసింది. "నాకు సవతి లేని లోటు అది తీర్చింది" అని వదిన నవ్వుతూనే దెప్పేది.

రాకెట్టు మోసే బరువు తగ్గించారన్న కబురుతో అందరి గుండెల్లో రాయి పడింది. తలా కాస్త తగ్గించుకోమని ఆమె ప్రతి బృందాన్నీ బతిమాలింది. ఎవరూ మెట్టు దిగలేదు. ఒక పరికరాన్ని పూర్తిగా తీసేయక తప్పలేదు. ఎటు తిప్పి చూసినా తక్కువ నష్టంతో పోయేది అన్నయ్య కెమెరాయే. సొంతమనిషిని కాపాడుకుందని నలుగురూ అంటారేమోనన్న భయం కూడా ఆ లెక్కలో కలిసిందా? ఆ అనుమానం ఆమెను తొలిచేసింది.

సమావేశంలో ఆ నిర్ణయాన్ని కాగితం చూసి చదివింది. అన్నయ్య కళ్లజోడు తుడుచుకుని, "సరే మేడమ్" అన్నాడు. ఆయన నోట ఆ పిలుపు వినడం అదే మొదలు.

సాయంత్రం వాళ్లింటికి వెళితే వదిన గుమ్మంలోనే ఆపేసింది. "పడుకున్నారమ్మా, మళ్లీ రా." లోపలినుంచి ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది.

కొన్నాళ్లకు ఆయనే ఆమె గదికొచ్చి బల్లమీద ఒక డ్రాయింగు పరిచాడు.

"కెమెరా పోయిన వైపు తేలికైపోయింది. ఇలాగే వదిలేస్తే ఉపగ్రహం కుదురుగా నిలవదు. ఇక్కడ చిన్న లోహపు దిమ్మ బిగిస్తే చాలు. కొలతలు వేశాను."

"ఇది కూడా నువ్వే చెయ్యాలా అన్నయ్యా?"

"ఆ మూల సంగతి నాకంటే ఎవరికి తెలుసు?"

"నామీద కోపమా?"

"కోపమైతే తిట్టేసి ఊరుకునేవాణ్ణి. నీ స్థానంలో ఉంటే నేనూ అదే తీసేసేవాణ్ణి. కానీ నిన్ను చూస్తే అదే గుర్తొస్తోంది. నన్నేం చెయ్యమంటావు?"

ఆమె డ్రాయింగు కింద సంతకం పెట్టింది.

మార్చిన ప్రణాళికకు ఆమోదం వచ్చాక ఆయన ముందుగానే పదవీ విరమణ తీసుకున్నాడు. కెమెరాను ఏదో కాలేజీ ప్రయోగశాలకు ఇచ్చేశారు. ఇప్పుడామె ఆదివారాలు వాళ్లింటికి వెళుతుంది. పిల్లల చదువులు, వదిన మోకాళ్ల నొప్పులు, అన్నీ మాట్లాడుకుంటారు. ఉపగ్రహం ఊసు ఎవరూ ఎత్తరు. వదిన ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిందంటే, అన్నాచెల్లెళ్లిద్దరూ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఉండిపోతారు.