చల్లారని సూపు

సిదోనీకి నాలుక చుర్రుమంది. కాలినందుకు ఆవిడకి నవ్వొచ్చింది. వేడి సూపు ఊదుకుని తాగే అలవాటు ఇంకా పట్టుబడలేదు మరి! మొగుడు, మార్కీ గాస్పార్ దొర, నౌకాదళ మంత్రిగా వెలిగినన్నాళ్లూ, రాజుగారి కొలువున్న వెర్సాయ్‌లో ఆవిడ ఒక్క పూటైనా వేడిగా తిన్న పాపాన పోలేదు. మంత్రిగారింట మధ్యాహ్న భోజనమంటే ఊరందరి సొమ్మే. పిలిచినవాళ్లూ పిలవనివాళ్లూ ముప్పైమంది దిగబడతారు. ఏ బిషప్పుకి ఏ జనరల్ అంటే కడుపుమంటో, ఏ రాయబారి ముందు ఏ యుద్ధం మాట ఎత్తకూడదో, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే కత్తులు దూసుకుంటారో, అన్నీ ఆవిడ తలలోనే ఉండాలి. అందరినీ నవ్వుతూ పలకరించి తన పళ్లెం వైపు చూసుకునేసరికి సూపు మీద కొవ్వు తెట్టు కట్టేది. "మంత్రి పెళ్లానికి ఆకలేమిటే అమ్మాయ్, విడ్డూరం కాకపోతే!" అనేది అత్తగారు, సుబ్బరంగా తింటూ.

కడుపుతో ఉన్నప్పుడు కూడా నెలలు నిండేదాకా ఆ విందు బల్ల దగ్గర కుర్చీలోనే కూర్చుంది. బిడ్డ దక్కలేదు. పురిటి ఒళ్లు ఆరకముందే మళ్లీ అదే కుర్చీ. నడుం నిలవడం లేదు, ఈ ఒక్కరోజూ వదిలెయ్యండి అని అడిగితే, గాస్పార్ అద్దంలో విగ్గు సర్దుకుంటూ అన్నాడు. "నువ్వు చేసేదేముంది, కూర్చోవడమేగా!" ఆ మాట ఆవిడ మరిచిపోలేదు.

కిందటేడు రాజుగారికి ఆగ్రహం వచ్చి, మంత్రి పదవి ఊడబెరికి గాస్పార్‌ని తన ఎస్టేటుకి వెళ్లిపొమ్మన్నారు. ఉత్తర్వు ఆయన ఒక్కడికే. అయినా పెళ్లాం కనక వెంట వచ్చింది. లువార్ నది ఒడ్డున ఈ పాత కోటకి ఆ ముప్పైమందిలో ఒక్కడూ తొంగిచూడలేదు. గాస్పార్‌కి అది బతికుండగానే చావు. ఆవిడకి మాత్రం, సిగ్గు విడిచి చెప్పాలంటే, పండగే.

ఇవాళ ఆవిడ చెంచా నోట పెట్టుకోగానే గుమ్మంలో రాజుగారి వార్తాహరుడి గుర్రం ఆగింది. గాస్పార్ విగ్గు పక్కకి జారిపోతున్నా చూసుకోకుండా, వచ్చిన ఉత్తరం పట్టుకుని పరుగున లోపలికొచ్చాడు.

"రాజుగారు మళ్లీ పిలిచారు. లే, పెట్టెలు సర్దించు. గురువారమే మొదటి విందు. ఆ స్పెయిన్ రాయబారిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆలోచించు, లేకపోతే మొదటిరోజే కొంప మునుగుతుంది."

ఎదురుగా నిలబడ్డది మొగుడూ, మంత్రీ కూడా. అయినా సిదోనీ చెంచా కింద పెట్టలేదు.

"పిలిచింది మిమ్మల్ని. నేను రాను."

ఆయన ముందు నవ్వాడు. తర్వాత గదమాయించాడు. మొగుడి వెంట పెళ్లాం రావాలన్నది చట్టమన్నాడు. బండి ఎక్కించగలరేమో గానీ ఆ కుర్చీలో నవ్వించలేరు, అంది ఆవిడ. అప్పుడు గాస్పార్ గొంతు దిగింది.

"నువ్వు లేకపోతే ఎలాగే? అదంతా ఎవరు చూస్తారు?"

అదంతా! ఇన్నేళ్లకి ఆయన నోట ఆ మాట.

"చూసేదేముందండీ," అంది సిదోనీ, ఇంకో గరిటె వడ్డించుకుంటూ. "కూర్చోవడమేగా!"