బాగానే ఉందన్న మాట

పంపుల ఫ్యాక్టరీలో ఆ ఏడు అప్రెంటిస్‌లుగా చేరింది ఇద్దరే. వారంలో ఒక రోజు యూనివర్సిటీలో పాఠాలు, మిగతా రోజులు ఫ్యాక్టరీలో పని, ఇచ్చిన అసైన్‌మెంట్లు మాత్రం ఎప్పుడు వీలైతే అప్పుడు. ఇలా కొన్నేళ్లు నెట్టుకొస్తే డిగ్రీ, దాంతోపాటే ఉద్యోగం. వినడానికి ఎంత ముచ్చటగా ఉంటుందో, చెయ్యబోతే అంతగా తల ప్రాణం తోకకొస్తుంది.

ఇద్దరిలో అబ్బాయి బాగా పొడుగు. పై అరలో బేరింగుల డబ్బాలు స్టూలు లేకుండానే అందుకునేవాడు. అందుకని అందరూ అతన్ని నిచ్చెన అనేవారు. అమ్మాయి క్యాంటీన్‌లో కూడా పుస్తకం తెరిచిపెట్టుకునే తినేది కాబట్టి ఆమె టీచరమ్మ అయింది. పంపులు బిగించాక వాటిని నీళ్ల తొట్టి పక్కన పెట్టి నడిపి, ఒత్తిడి ఎంత వస్తోందో గేజిలో చూడటం వాళ్లిద్దరి పని. మోటార్ల రొదలో మాట వినపడదు. చేతులతో సైగలు చేసుకుంటూ, మధ్యాహ్నానికల్లా షూలలోకి నీళ్లు చేరి, ఇద్దరూ పచక్ పచక్‌మంటూ నడిచేవారు.

టీచరమ్మ అక్కా బావల ఇంట్లో ఉండేది. అక్కకు చంటిపాప. మందుల షాపులో సాయంత్రం డ్యూటీ. ఫ్యాక్టరీ నుంచి మరదలు రాగానే పాపను బావ ఆమె చేతిలో పెట్టి, ఇంకో పని చూసుకోవడానికి వెళ్లిపోయేవాడు. "నీకేమైనా ఇబ్బందా?" అని అక్క మొదట్లో అడిగింది. "పిన్నిని కాదూ, ఆ మాత్రం చెయ్యలేనా?" అంది టీచరమ్మ. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఒళ్లో పాప, మోకాలి మీద పుస్తకం. చదివిన లైనే మళ్లీ చదివేది. మొదటి పరీక్షల్లో ఫ్లూయిడ్స్, అదే ద్రవాల ప్రవాహం గురించిన పేపరు, పోయింది. ఆ సంగతి అక్కకు చెప్పలేదు, నిచ్చెనకూ చెప్పలేదు. బడిలో ఎప్పుడూ ఫస్టు వచ్చిన పిల్ల. తప్పానని చెప్పడానికి నోరు రాలేదు.

యూనివర్సిటీ నుంచి అప్పుడప్పుడూ ఒక మేడమ్ వచ్చేది. ఇద్దర్నీ క్యాంటీన్‌లో ఒక మూల కూర్చోబెట్టి, పని ఎలా ఉంది, చదువు ఎలా సాగుతోంది, ఇంట్లో వీలవుతోందా అని అడిగేది. మంచి మనిషే, తొందరపెట్టేది కాదు. టీచరమ్మ ముందు జవాబిచ్చేది.

"బాగానే ఉంది మేడమ్. కొత్తలో కాస్త కష్టమనిపించింది, ఇప్పుడు అలవాటైపోయింది."

మేడమ్ నిచ్చెన వైపు తిరిగేది. అతను టీచరమ్మను ఒకసారి చూసి, టేబుల్ మీద గోటితో గీస్తూ, "నాకూ పర్వాలేదు మేడమ్," అనేవాడు.

ఒకరోజు తొట్టిలో నీళ్లు మారుస్తుండగా మోటార్లు ఆగి ఉన్నాయి. అప్పుడు నిచ్చెన అడిగాడు.

"నిజం చెప్పు టీచరమ్మా. నీకెలా కుదురుతోంది ఇదంతా?"

ఆ పొద్దున్నే బాత్రూమ్‌లో ట్యాప్ తిప్పి పెట్టి ఏడ్చి వచ్చింది ఆమె. అయినా అంది: "ఏముంది, కాస్త ప్లాన్ చేసుకుంటే సరి."

"నేనూ చేస్తున్నాను. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడవు, నిద్రే కనపడుతుంది. నా బుర్రలో మట్టి ఉందనుకుంటా."

నవ్వుతూనే అన్నాడు. ఆమె కూడా నవ్వేసి, పైపు చుట్ట చుట్టడంలో పడింది.

తర్వాత కొన్ని వారాలకు, ఒక సోమవారం అతను రాలేదు. జ్వరమేమో అనుకుంది. సెక్షన్ ఇన్‌చార్జి గారు తొట్టి దగ్గరకొచ్చి, "ఇక నుంచి నీతో ఇంకొకరిని వేస్తాను. మనవాడు మానేశాడు," అన్నాడు.

"మానేశాడా? ఎందుకు సార్?"

"చదువు నా వల్ల కాదన్నాడు. నేను చాలా చెప్పి చూశాను. 'ఆ అమ్మాయి ఇంట్లో చంటిపిల్లను చూసుకుంటూ కూడా చదువుతోంది సార్, నాకు ఏ బరువూ లేదు, అయినా చెయ్యలేకపోతున్నాను. ఇంక నేనెందుకు?' అన్నాడు. ఏం చెప్తాం?"

 టీచరమ్మ తల వంచుకుని తొట్టిలోకి పైపు వదిలింది.

ఆ వారంలోనే, పంపులో నీళ్లు నింపకుండా మోటారు వేసేసింది. రబ్బరు కాలిన వాసన వచ్చాక గానీ చేసిందేమిటో ఆమెకు తెలియలేదు. నీళ్లు కారకుండా పట్టే సీలు మాడిపోయింది. ఇన్‌చార్జి గారు పరుగున వచ్చి మోటారు ఆపాడు. చీవాట్లు పడతాయని తల వంచుకుని నిలబడిందామె. ఆయన కాలిన సీలు వంక కాదు, ఆమె ముఖం వంక చూశాడు.

"ఎన్నాళ్లయిందమ్మా నువ్వు సరిగ్గా నిద్రపోయి?"

అంతే, కట్ట తెగింది. పాప సంగతి, పోయిన పేపరు, బాత్రూమ్‌లో ఏడుపు, అన్నీ చెప్పేసింది.  ఆయన మర్నాడే మేడమ్‌ను పిలిపించాడు.

ఆ తర్వాత జరిగినవన్నీ చాలా తేలిగ్గా జరిగాయి. ఆమెకు అదే మింగుడుపడలేదు. పని గంటల్లోనే కొంత సమయం చదువుకు ఇవ్వాలన్నది ఒప్పందంలోనే ఉందట. పోయిన పేపరు మళ్లీ రాసుకోవచ్చట. అసైన్‌మెంటుకు గడువు కావాలంటే ముందు ఒక మాట చెబితే చాలట. పంపుల పరీక్షల గురించే ప్రాజెక్టు రాసుకోవచ్చునని మేడమ్ అంది.

"ఇవన్నీ అందరికీ ఉన్నవే కదమ్మా. చేరిన రోజే చెప్పాను. మళ్లీ మళ్లీ అడిగాను కూడా. బాగానే ఉందన్నావు," అంది మేడమ్, నిష్ఠూరంగా కాదు, దిగులుగా. "ఇద్దరూ అలాగే అన్నారు."

ఇంట్లోనూ అంతే. అక్క తెల్లబోయింది. "నాకు చెప్పడానికేమే? నువ్వు సరదాగా ఎత్తుకుంటున్నావనుకున్నాను," అని మొగుడి వైపు ఒక చూపు చూసింది. మర్నాటి నుంచి సాయంత్రాలు పాప బావ భుజమెక్కింది.

నిచ్చెనను వెనక్కి తీసుకోవచ్చా అని టీచరమ్మ అడిగింది. ఈ బ్యాచ్‌లో ఇక కుదరదనీ, వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చనీ మేడమ్ చెప్పింది. ఆ మాట పట్టుకుని ఆమె అతన్ని వెతుక్కుంటూ వెళ్లింది. అతను మేనమామ ఫర్నిచర్ షాపులో పని చేస్తున్నాడు. బీరువా ఒకటి వ్యానులోకి ఎక్కించి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏంటి టీచరమ్మా, సోఫా కావాలా?"

ఆమె నవ్వలేకపోయింది. ఫుట్‌పాత్ మీదే నిలబడి చెప్పింది. "నేను ఫ్లూయిడ్స్ పేపరు తప్పాను. నువ్వు అడిగేనాటికే అది పోయింది. నాకూ ఏమీ కుదరలేదు. నీకు అబద్ధం చెప్పాను."

 వ్యాను డ్రైవరు హారన్ కొడితే అతను ఆగమని చెయ్యి చూపించాడు.

"నేనూ అదే పేపరు తప్పాను," అన్నాడు చివరికి. "నాకొక్కడికే పోయిందనుకున్నాను."

"నన్ను తిట్టు."

"తిట్టడానికేముంది? మేడమ్ అడిగితే నేను మాత్రం నిజం చెప్పానా? నీ ముందు చెప్పడానికి సిగ్గేసింది." కాస్త ఆగి, "ఆ రోజే చెప్పుంటే..." అని, మిగతాది మింగేశాడు. ఆమెకు తిట్టుకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

వచ్చే ఏడాది దరఖాస్తు సంగతి చెప్పింది. చూస్తానన్నాడు. మామయ్య నమ్మి షాపు అప్పజెప్పుతున్నాడు, మధ్యలో వదిలేస్తే బాగుండదు, అయినా చూస్తాను అన్నాడు. తను మానేసే ముందు ఇద్దరూ పరీక్షిస్తున్న కొత్త పంపు మోడల్ ఒత్తిడి నిలబెట్టిందా అని అడిగాడు. నిలబెట్టిందని చెప్పింది. "అనుకున్నాను," అంటూ వ్యాను ఎక్కేశాడు.

టీచరమ్మ ఆ పేపరు మళ్లీ రాసి గట్టెక్కింది. దరఖాస్తులు మొదలవగానే అతనికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మెసేజ్ పెడితే, సరేనని జవాబొచ్చింది.

కొత్త అప్రెంటిస్‌లు చేరే రోజు ఆమె పెందరాళే వచ్చి, గేటు కనిపించే చోట పంపు తుడుస్తూ నిలబడింది. కొత్త బూట్లు, కొత్త బ్యాగులతో పిల్లలు బెరుకు బెరుకుగా లోపలికి వస్తున్నారు. తుడిచిన పంపునే మళ్లీ తుడుస్తుంటే ఇన్‌చార్జి గారు పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఎవరి కోసమమ్మా?"

"మనవాడు వస్తాడేమోనని సార్."

ఆయన గేటు వైపు చూశాడు. కాపలా మనిషి అప్పటికే గేటు మూస్తున్నాడు.

"నేనూ పొద్దున్నుంచీ అందుకే చూస్తున్నాను," అన్నాడు. "రాలేదమ్మా. పద, పిల్లలకు తొట్టి చూపిద్దాం."