దేవమ్మ కాళ్ల కింది తడి

పొద్దున తొమ్మిదిన్నరకు సూర్యాపేటలో ఆ చీరల షోరూం షట్టర్ లేవగానే మొదట జరిగేది పూజ కాదు, చెయ్యి చూసుడు. మూడో అంతస్తు పట్టు సెక్షన్‌లో పనిచేసే ఆడవాళ్లంతా వరుసగా నిలబడి అరచేతులు చాపాలి. ఫ్లోర్ మేనేజర్ ప్రవీణ్ జేబులోంచి ఒక పట్టు ముక్క తీసి ఒక్కొక్కరి చేతి మీదుగా లాగుతాడు. జారిందా, పైకి పొమ్మంటాడు. ఎక్కడన్నా చిక్కిందా, "ఏందమ్మా, ఇది చెయ్యా, ఆకురాయా?" అంటాడు. పెళ్లి చీరకు ఒక్క పోగు లేచిందంటే ఇగ అది చీర కాదు, పంచాయితీ.

మరి చేతులకు ఏమన్నా రాసుకోవచ్చు కదా అంటారేమో. రాసుకోనిస్తే ఈ కథెందుకు! నూనె వద్దు, క్రీము వద్దు, ఏ జిడ్డూ తగలొద్దు. పట్టు మీద మరక పడితే పోదు. చెమట కూడా తగలొద్దని ఆ అంతస్తులో ఎనిమిది ఏసీలు పద్దెనిమిది మీద పెట్టి వదిలేస్తారు. మే నెలలో బయట తారురోడ్డు మెత్తబడుతుంటే లోపల వీళ్లు స్వెట్టర్లు వేసుకుని నిలబడతారు. ఆ గాలి మనిషిలో ఉన్న తడినంతా గుంజేస్తుంది. మంచినీళ్ల సీసా కౌంటర్ దగ్గరికి తేకూడదు. తాగాలంటే కిందికి దిగాలి, దిగితే ఎటు పోయినవంటారు. ఎందుకొచ్చిన మాటలని చాలామంది నీళ్లు తాగడమే మానేశారు.

అరుణ చేతులు ఆ ఎండాకాలం పూర్తిగా చెడిపోయాయి. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి, కొసలు పగిలాయి. పక్క కౌంటర్ సుజాత చెప్పినవన్నీ చేసి చూసింది. కొబ్బరినూనె పట్టించి పాలిథిన్ కవర్లు తొడుక్కుని పడుకుంది, పొద్దున శనగపిండితో రుద్ది కడుక్కుంది. పదకొండు కొట్టేసరికి కథ మళ్లీ మొదటికే. రెండు రోజులు వరుసగా పట్టు ముక్క చేతికి చిక్కింది. "సోమవారం గిట్లనే ఉంటే ఇగ రాకు" అన్నాడు ప్రవీణ్. కోపంగా కూడా అనలేదు, మామూలుగా అన్నాడు. మొగుడు గోపి మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసి మోసి నడుం పోయి మంచానికి అతుక్కున్నాడు. ఆ ఇల్లు నడిచేది ఈ చేతుల మీదనే.

ఆదివారం అరుణ ఫోన్‌లో ఏడిస్తే తల్లి దేవమ్మ నిడమనూరు నుంచి బస్సెక్కి వచ్చింది.

దేవమ్మ నలభై ఏళ్లు నాట్లేసిన మనిషి. అన్నేళ్లు మడిలో నిలబడితే నీళ్లు ఊరుకుంటాయా? పాదాల్లోంచి ఎక్కి ఆమెలోనే ఉండిపోయాయి. ఎక్కడ కాసేపు నిలబడ్డా కాళ్ల కింద తడి ఊరుతుంది. కూర్చుంటే చిన్న మడుగు కడుతుంది. చర్చిలో ఆమెకు చాప వెయ్యరు, గచ్చు మీదనే చోటు. బస్సులో కండక్టర్ "అవ్వా, నువ్వు ఎనకకు పో, సంచులు తడుస్తయ్" అంటాడు. ఊరికి పోయే పక్కింటివాళ్లు వాడిపోకుండా ఉంటుందని మిరప నారు తెచ్చి ఆమె గడప ముందు పెట్టిపోతారు. అరవై దాటినా దేవమ్మ ఒంటి మీద ఒక్క ముడత లేదు.

"ఏడ్వకు బిడ్డా. చేతులు గిటు తే" అన్నది. బిడ్డ చేతులను తన రెండు చేతుల నడుమ పెట్టుకుని అరగంట కూర్చుంది. జిడ్డు లేదు, మరక లేదు, ఉత్త తడి. పగుళ్లు మూసుకుపోయాయి. సోమవారం పట్టు ముక్క అరచేతి మీద సర్రున జారింది.

బుధవారానికల్లా ఏసీ మళ్లీ గుంజేసింది. ఇగ దేవమ్మ రోజూ రాసాగింది. నిడమనూరు నుంచి మిర్యాలగూడ, అక్కడ బస్సు మారి సూర్యాపేట. ఆడవాళ్లకు టికెట్ లేదు గాబట్టి సరిపోయింది. మధ్యాహ్నం అన్నం వేళకు షోరూం వెనక మెట్ల మీద కూర్చునేది. అరుణ కుడిచేత్తో తింటుంటే ఎడమచెయ్యి పట్టుకునేది, తిన్నాక కుడిచెయ్యి.

అరుణకు చేతులు బాగైనందుకు సంతోషంగానే ఉంది. కానీ ఎవరన్నా చూస్తారేమోనని ముద్ద ముద్దకూ మెట్ల పైకి చూసేది. చేరేటప్పుడు ఓనర్ దామోదర్ సార్, "పట్టు సెక్షన్‌లో మంచింటి పిల్లలనే పెడ్తం. మీ అమ్మ ఏం జేస్తది?" అని అడిగాడు. మంచిల్లంటే ఏ ఇల్లో ఆయన చెప్పలేదు, అరుణకు చెప్పనక్కర్లేదు. "టీచర్ సార్" అనేసింది. ఆ టీచరేమో ఇప్పుడు వెనక మెట్ల మీద నాట్ల చీర ఎగజెక్కుకుని కూర్చుంది. కాళ్ల కింద నుంచి నీళ్లు ఒక్కో మెట్టూ దిగిపోతున్నాయి.

నాలుగో రోజు ప్రవీణ్ సిగరెట్ కోసం అటు వచ్చి, తడి మెట్టు మీద జారి రెయిలింగ్ పట్టుకున్నాడు.

"ఎవరీమె?"

"మా ఇంట్ల పనామె సార్. టిఫిన్ తెచ్చింది" అన్నది అరుణ. నోరు తడబడనైనా లేదు.

దేవమ్మ ఒక్క క్షణం బిడ్డ మొహం చూసింది. తర్వాత వంగి, కొంగుతో మెట్టు తుడుస్తూ, "అవు సారూ. అమ్మగారింట్ల పనిజేస్త" అన్నది.

అరుణకు భూమి చీలి అందులో పడిపోతే బాగుండనిపించింది. చీలలేదు. ప్రవీణ్ పోయాక, "అమ్మా, ఏదో నోటికొచ్చి..." అని మొదలుపెట్టబోయింది. "ఆ చెయ్యి ఇయ్యండ్రి అమ్మా, టైమైతుంది" అన్నది దేవమ్మ. అలిగిందా అంటే అలగలేదు. బిడ్డ కొలువు కాపాడుతోంది. ఆ రోజు నుంచి ఎవరూ లేకపోయినా అదే పిలుపు, అదే మర్యాద. "ఎవ్వరు లేరు కదనే" అని అరుణ బతిమాలితే, "గోడలకు చెవులుంటయ్ అమ్మా" అనేది.

రేపు ప్రవీణ్ సార్‌కు చెప్పేస్తా అనుకుంది అరుణ. ఆ రేపు వచ్చింది, ఇంకో రేపు వచ్చింది. చేతులు మాత్రం వెన్నపూసలాగా తయారయ్యాయి. పెళ్లి పార్టీ ఏదొచ్చినా "అరుణను పిలువు" అంటున్నాడు ప్రవీణ్. పిలిచిన ప్రతిసారీ ఆమెకు తన చేతులను చూస్తే రోత పుట్టేది.

పదకొండో రోజు వెనక మెట్లు పొడిగా ఉన్నాయి. దేవమ్మ ఇంకా రాలేదనుకుంది అరుణ. చూస్తే అక్కడే కూర్చుని ఉంది. మోచేతులు బూడిద పూసినట్టున్నాయి, పెదాలు చిట్లాయి, మడమలు వేలు దూరేంత పగిలాయి. కాళ్ల కింద చుక్క లేదు.

"నీళ్లేమైనయే అమ్మా?"

"ఒడిసినట్టున్నయ్. మీకు సరిపోయినయా అమ్మా?"

అరుణ అన్నం గిన్నె కింద పెట్టేసింది. అప్పుడే పైనుంచి ప్రవీణ్ కేకేశాడు. "అరుణా! కోదాడ పెళ్లోళ్లొచ్చిన్రు, జల్దీ రా!"

"సార్, ఒక మాట. ఈమె పనామె గాదు. మా అమ్మ."

ప్రవీణ్ దేవమ్మ వైపు చూశాడు. దేవమ్మ లేచి నిలబడి నవ్వింది. "అయ్యో, ఏం మాటలమ్మా అవి! లేదు సారూ. అమ్మగారికి జర ఎండ దెబ్బ తగిలినట్టుంది. వాళ్లమ్మ టీచరు, నాకు తెల్వదా?"

టీచరు సంగతి అరుణ తల్లికి ఎన్నడూ చెప్పలేదు.

"జోకులు బంద్‌జేసి పైకి రా" అని ప్రవీణ్ వెళ్లిపోయాడు. అరుణ కదలకపోతే దేవమ్మే వీపు మీద చెయ్యి పెట్టి మెట్లెక్కించింది. "పోండ్రి. నేను బస్సుకు పోత."

పైన తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కోదాడ దగ్గరి అనంతగిరి నుంచి వచ్చిన వెంకటమ్మగారు కూర్చుని ఉంది. మనవరాలి పెళ్లి చీరలు. అరుణ చెప్పులు విప్పి దుప్పటి మీద నిలబడి మొదటి చీర విప్పింది. చీర చేతుల్లోంచి ఎన్నడూ జారనంత బాగా జారింది. రెండోది విప్పింది. మూడో చీర సగంలో ఉండగా కాళ్ల కింద చల్లగా తగిలింది. దుప్పటి నానుతోంది. "చీరలు, చీరలు!" అని సుజాత గబగబా పైకి లాగేసింది. ఎవరో తుడుపు గుడ్డ కోసం ఉరికారు.

వెంకటమ్మగారు మాత్రం ఆ తడిని వేలితో తాకి చూసింది. "నాకీ నీళ్లు తెలుసమ్మా. నిడమనూరు కూలీల ముఠా మా పొలానికి పాతికేళ్లు నాట్లకొచ్చింది. నువ్వు దేవమ్మ కూతురివి కదూ?"

ప్రవీణ్ చూపు అరుణ కాళ్ల మీద ఉంది. కాదంటే నమ్మడానికి ఆయన సిద్ధంగానే ఉన్నాడు.

"అవునమ్మా, దేవమ్మ బిడ్డను. సార్, మా అమ్మ టీచర్ గాదు. నాట్లేస్తది."

వెంకటమ్మగారు ఒళ్లో ఉన్న చీర కొసను మెల్లగా తన వైపు లాక్కుంది. "మంచి పనిమంతురాలు దేవమ్మ" అన్నది, తర్వాత ప్రవీణ్‌తో, "వేరే అమ్మాయిని చూపించమనండి."

"ఇగ నువ్వు పో" అన్నాడు ప్రవీణ్. అరుణ చెప్పులు చేత పట్టుకుని మెట్లు దిగింది.

కొత్త బస్టాండ్‌లో మిర్యాలగూడ బస్సు స్టార్టయి ఉంది. దేవమ్మ అలవాటు కొద్దీ వెనక సీటులోనే కూర్చుంది. అరుణ పోయి ఆమె కాళ్ల దగ్గర, బస్సు నేల మీద కూర్చుంది. పగిలిన మడమను రెండు చేతుల నడుమ పెట్టుకుంది.

"లేవండ్రి అమ్మా, కొలువు ఏం గావాలె?"

"పోయింది. చెప్పేసిన."

దేవమ్మ బస్సంతా ఒకసారి చూసింది. తర్వాత గయ్యిమన్నది. "సిగ్గు లేదానే నీకు? లే! అందరు సూస్తుండ్రు."

ఇన్ని రోజులకు తల్లి తిట్టేసరికి అరుణకు ఏడుపు ఆగలేదు. "ఉన్నదే అమ్మా" అన్నది. "శానా ఉన్నది."

బస్సు కదిలింది. పగుళ్లలోకి తడి దిగుతుంటే దేవమ్మ కాలు వెనక్కి తీసుకోలేదు.